పరిశోధన పాఠంలో ప్రశ్నకి చోటెక్కడ?

పరిశోధక విద్యార్థి తరగతికి వచ్చిన మొదటిరోజు చేతికందేది పుస్తకం కాదు, నిబంధనల కాగితం. హాజరు ఎంత శాతం వుండాలి, సిద్ధాంత వ్యాసానికి ఎడమపక్క ఎంత మార్జిను వదలాలి, అట్ట ఏ రంగులో వుండాలి, ఎన్ని ప్రతులు దాఖలు చెయ్యాలి, గడువు దాటితే జరిమానా ఎంత, ఇతరుల రాతతో పోలిక ఎంత శాతం మించకూడదు, ఇవన్నీ అందులో వుంటాయి. చివర విద్యార్థి సంతకానికి ఒక గీత వుంటుంది. ఆ గీత మీద సంతకం పడితే పరిశోధన మొదలైనట్టు లెక్క.

ఈ కాగితాన్ని సాహిత్య విమర్శ పట్టించుకోవలసిన విషయంగా మనం ఇంతవరకూ చూడలేదు. ఆఫీసు వ్యవహారమని వదిలేశాం. కానీ తెలుగు సాహిత్యం మీద వెలువడుతున్న విమర్శలో తక్కువేమీ కాని భాగం ఈ కాగితం నీడలోనే తయారవుతోంది. రేపు కళాశాలల్లో సాహిత్యం చెప్పబోయేవాళ్లు రాయడం నేర్చుకుంటున్నది దీని కిందే. అందుచేత దీన్ని కూడా ఒక రచనగా తీసుకుని, ఇది ఎవరితో మాట్లాడుతోంది, ఏం చెబుతోంది, ఏం చెప్పకుండా దాటేస్తోంది అని చూడవలసిన అవసరం వుంది.

ముందే ఒక మాట. నిబంధనలు వద్దనేవాళ్లలో నేను లేను. గ్రంథచౌర్యం ఇంకొకరి శ్రమని కాజెయ్యడమే. శ్రమ గురించి ఇన్ని వ్యాసాలు రాసిన మనం ఆ దొంగతనాన్ని ఏ పేరుతోనూ సమర్థించలేం. పేదరికం పేరు చెప్పి అసలే సమర్థించకూడదు, అది పేద విద్యార్థిని అవమానించడమే అవుతుంది. ఈ విషయంలో మన చేతులూ పూర్తిగా శుభ్రంగా లేవు. ఇంగ్లీషు సిద్ధాంత గ్రంథాల నుంచి పేరాలకు పేరాలు మూలం పేరు లేకుండా మన పత్రికల్లోకి దిగుమతి అయిన సందర్భాలు లేకపోలేదు. ఉద్యమ అవసరం అని సర్దిచెప్పుకున్నాం. కనక ఇక్కడ చేస్తున్న విమర్శ బయట నిలబడి రాళ్లు వెయ్యడం కాదు.

ఇప్పుడు కళాశాలల్లో, విశ్వవిద్యాలయాల్లో చెలామణి అవుతున్న కాగితాలకి మూలం యు.జి.సి. 2018లో తెచ్చిన గ్రంథచౌర్య నిరోధక నియమావళి. దాని ప్రకారం 10 శాతం వరకు పోలిక వుంటే శిక్ష లేదు. 10 నుంచి 40 వరకు వుంటే ఆరు నెలల లోపు సరిచేసి మళ్లీ దాఖలు చెయ్యాలి. 40 నుంచి 60 వరకు అయితే ఏడాదిపాటు దాఖలు చెయ్యడానికి వీల్లేదు. 60 దాటితే నమోదే రద్దు. చదవడానికి కచ్చితంగా, నిష్పాక్షికంగా వుంది. చిక్కల్లా ఆచరణలో వచ్చింది. చౌర్యం అనేది ఒక నైతిక సమస్యగా మొదలై శాతం సమస్యగా స్థిరపడింది. "నీ వాదన ఏమిటి?" అని అడిగేవాళ్లు తగ్గి "నీకెంత వచ్చింది?" అని అడిగేవాళ్లు పెరిగారు. జ్వరం ఎంత వుందని అడిగినట్టు! పదకొండు వచ్చినవాడు రెండు పేరాల్లో మాటలు అటూయిటూ మార్చి తొమ్మిదికి దించుకుంటాడు. ఆలోచన ఎవరిదో వాళ్లదే, మాటలు మాత్రం మారాయి. ఇది చౌర్యం మానడమా, చౌర్యానికి తగిన శిల్పం నేర్చుకోవడమా?

ఈ నియమావళిలో 14 మాటల సంగతి ఒకటి వుంది. అందరికీ తెలిసిన విషయాలు, యాదృచ్ఛికంగా కలిసే పదాలు వరసగా 14 మాటల వరకు పోలిక లెక్కలోకి రావు. ఇంగ్లీషు దృష్టిలో పెట్టుకుని పెట్టిన కొలత ఇది. ఇంగ్లీషులో ఆ పద్నాలుగింటిలో సగం దాకా మాటల్ని అతికించే చిన్న చిన్న ముక్కలే వుంటాయి. తెలుగు అలా నడవదు. 'వెళ్లలేకపోయినవాళ్లకి' అనేది మనకి ఒకే మాట, ఇంగ్లీషులో దానికి ఏడెనిమిది కావాలి. తెలుగులో 14 మాటలంటే నిండు వాక్యం, ఒక్కోసారి రెండు. మకుటం తీసేస్తే వేమన ఆటవెలదులు చాలావరకు ఆ 14 మాటల చుట్టుపక్కలే ముగుస్తాయి. అంటే ఈ కొలతతో ఒక పద్యం మొత్తం యాదృచ్ఛికం కావచ్చు! నవ్వులాటకి చెబుతున్నది కాదు. తెలుగులో రాసే పరిశోధనకి తెలుగు స్వభావాన్ని బట్టి కొలత తయారుచేసుకోవాలన్న ఆలోచన ఏ తెలుగుశాఖా గట్టిగా ముందుకు తెచ్చినట్టు కనిపించదు. వచ్చిన కొలతని తలకెత్తుకున్నాం.

పోలిక పట్టే యంత్రం సంగతి ఇంకో కథ. మన డి.టి.పి. కేంద్రాల్లో చాలాకాలం రాజ్యమేలినవి యూనికోడ్ కాని ఫాంట్లు. అను ఫాంటులో కొట్టిన తెలుగు మన కంటికి తెలుగే గాని, యంత్రానికి అర్థంలేని రోమన్ అక్షరాల గుట్ట. ఆ గుట్టని ఇంకో గుట్టతో పోల్చి యంత్రం చెప్పే శాతానికి విలువ ఎంతో వూహించుకోవచ్చు. తెలుగు పాత పుస్తకాల్లో చాలా భాగం యంత్రం చదవగలిగిన రూపంలో లేనే లేదు. 1950లలో అచ్చయిన ఒక వ్యాస సంపుటి నుంచి పది పేజీలు దించుకున్నవాడు సురక్షితం. నిన్నగాక మొన్న వచ్చిన పత్రిక నుంచి పది వాక్యాలు ఉద్ధరించి, ఉద్ధరణ చిహ్నాలు పెట్టడం మరిచిపోయిన అమాయకుడు దొంగ. ఈ మధ్య అడిగిన వెంటనే వ్యాసం అల్లిపెట్టే కృత్రిమ మేధ వచ్చాక పోలిక పట్టే యంత్రం పని మరీ పల్చబడింది. అది అల్లే వ్యాసం ఏ ఒక్క పుస్తకంతోనూ అచ్చంగా కలవదు. శాతం ముచ్చటగా వుంటుంది.

శిక్ష ఒకపక్క అయితే శిక్షణ ఇంకోపక్క వుండాలి కదా అంటే, అదీ వుంది. 2019లో యు.జి.సి. పిహెచ్.డి. విద్యార్థులందరికీ 'పరిశోధన, ప్రచురణ నైతికత' అనే కోర్సు తప్పనిసరి చేసింది. రెండు క్రెడిట్లు, 30 గంటలు. పాఠ్యప్రణాళిక విప్పి చూస్తే తత్త్వం, నీతి అనే మొదటి విభాగానికి 3 గంటలు. శాస్త్రీయ ప్రవర్తనకి 5. ప్రచురణ నైతికతకి 7. స్వేచ్ఛాప్రచురణకి 4, ప్రచురణ అక్రమాలకి 4. మిగిలిన 7 గంటలూ పరిశోధన సమాచార నిధులకి, పత్రికల విలువని, రచయితల విలువని అంకెల్లో కొలిచే సూచికలకి. స్కోపస్, వెబ్ ఆఫ్ సైన్స్ లాంటి నిధుల్లో తెలుగు విమర్శ ఎంత వుంటుందో మనకి తెలుసు. తన భాష దాదాపు కనపడని పట్టికలో తన విలువ ఎంతో లెక్కగట్టుకోవడం నేర్చుకోడానికి తెలుగు విద్యార్థి ఏడు గంటలు వెచ్చించాలి. పరిశోధన ఎందుకు, ఎవరికోసం అన్న ప్రశ్న ఎదురయ్యే అవకాశం వున్న మొదటి విభాగానికి మూడు. ప్రశ్న ఎలా పుడుతుంది, వాక్యం ఎలా కట్టాలి, ఒక వాదనని రుజువుతో ఎలా నిలబెట్టాలి అన్నవాటికి విడిగా గంటలు లేవు. పరిశోధన రాయడం విద్యార్థికి ముందే వచ్చునని, ఇక తప్పులు చెయ్యకుండా చూసుకోవడమే మిగిలిందని ఈ ప్రణాళిక అనుకుంటోంది.

వచ్చునా?

ఇక్కడ మనం కొంచెం వెనక్కి వెళ్లాలి. ఈ విద్యార్థి ఎక్కడినుంచి వచ్చాడు? పదో తరగతిలో గైడు చదివాడు. ఇంటర్లో ప్రశ్నల నిధి చదివాడు. డిగ్రీలో అధ్యాపకుడు చెప్పి రాయించిన నోట్సు అక్షరం పొల్లుపోకుండా అప్పజెప్పినందుకు మార్కులు తెచ్చుకున్నాడు. "కృష్ణశాస్త్రి భావకవిత్వానికి మరోపేరు" అని రాస్తే ఆ మాట ఎవరన్నారని ఏనాడూ ఎవరూ అడగలేదు. మూలం చెప్పకుండా ఇంకొకరి వాక్యం దించడానికి సంవత్సరాలపాటు బహుమతి ఇచ్చింది ఈ విద్యావ్యవస్థే. అదే వ్యవస్థ పై తరగతిలో ఒకనాటి ఉదయాన లేచి, అది నేరమని కాగితం ఇచ్చి సంతకం పెట్టమంటోంది. బట్టీ పట్టి దించితే ప్రథమశ్రేణి, చూసి దించితే నమోదు రద్దు!

ఈ వైరుధ్యానికి ఈమధ్య ఇంకో అంతస్తు లేచింది. 2022 డిసెంబరులో యు.జి.సి. ప్రకటించిన డిగ్రీ పాఠ్యప్రణాళిక చట్రంలో నాలుగో ఏడాది పరిశోధనతో కూడిన ఆనర్సు వుంది. 12 క్రెడిట్ల పరిశోధన వ్యాసం రాయాలి. మొదటి ఆరు సెమిస్టర్లలో 75 శాతం, ఆపైన తెచ్చుకున్నవాళ్లే దానికి అర్హులు. ఆ 75 శాతం దేనివల్ల వచ్చింది? ఆరు సెమిస్టర్లపాటు ప్రశ్న అడగకుండా జవాబులు రాసినందువల్ల. పొద్దున పాలు పోసి, కూలిపనికి పోయి, మధ్యాహ్నం తరగతికి వచ్చి, నోట్సులో లేని ప్రశ్న అడిగి, పరీక్షలో అరవై తెచ్చుకున్నవాడికి ఆ తలుపు మూసే వుంటుంది. పరిశోధనకి కావలసింది అడిగే స్వభావమైతే, వడపోత మాత్రం అడగని స్వభావం కోసం జరుగుతోంది.

ప్రచురణ విషయంలోనూ కథ ఇదే. 2016 నియమావళి సిద్ధాంత వ్యాసం దాఖలు చెయ్యడానికి ముందు ఒక పరిశోధన పత్రం అచ్చవ్వాలని, రెండు సదస్సుల్లో పత్రాలు సమర్పించాలని చెప్పింది. అవసరం పుట్టాక అంగడి పుట్టకుండా వుంటుందా? డబ్బు కడితే వారంలో అచ్చువేసే పత్రికలు పుట్టుకొచ్చాయి. వాటిని ఏరెయ్యడానికి కేర్ జాబితా వచ్చింది. 2022లో ప్రచురణ తప్పనిసరి అన్న షరతే పోయింది, ఎం.ఫిల్. కూడా పోయింది. 2025లో కేర్ జాబితానీ నిలిపేశారు. ఇన్ని మార్పుల్లో మారనిది ఒకటే, విద్యార్థి రాసింది ఎవరైనా శ్రద్ధగా చదివారా అన్న ప్రశ్న ఎక్కడా రాకపోవడం.

ఇప్పుడు ఆ రాసేదేమిటో చూద్దాం. తెలుగుశాఖల్లో సిద్ధాంత వ్యాసాల శీర్షికలు ఒక అరగంట చదివితే చాలు. 'ఫలానావారి జీవితం – సాహిత్యం', 'ఫలానావారి నవలలు – సమగ్ర పరిశీలన', 'ఫలానావారి కథలు – అనుశీలన', 'ఫలానావారి కవిత్వంలో సామాజిక చైతన్యం'. మొదటి అధ్యాయంలో ప్రక్రియ పుట్టుపూర్వోత్తరాలు, రెండో దానిలో రచయిత జీవితం, మూడులో రచనల పరిచయం, నాలుగులో వస్తువు, ఐదులో శిల్పం, చివర ముగింపు. ఈ మూసలో మంచి పనులు రాలేదని కాదు, వచ్చాయి, మూసని లోపలినుంచి బద్దలుకొట్టినవాళ్లున్నారు. కానీ మూస స్వభావం గమనించాలి. ఇందులో ప్రశ్న లేదు, పేరు మాత్రమే వుంది. పేరు మార్చి అధ్యాయాలు అలాగే వుంచుకోవచ్చు. కృత్రిమ మేధ విద్యార్థుల్ని చెడగొడుతోందని బాధపడుతున్న పెద్దలు ఒక సంగతి ఒప్పుకోవాలి. యంత్రం అవలీలగా రాయగల వ్యాసాన్నే మనం ఇన్నేళ్లూ మనుషులచేత కష్టపెట్టి రాయిస్తూ వచ్చాం.

కొన్నేళ్ల కిందట నా దగ్గర చదువుకున్న ఒక అమ్మాయి పరిశోధనలో చేరింది. వాళ్లమ్మ బీడీ కార్మికురాలు. చాట ఒళ్లో పెట్టుకుని, తునికాకు కత్తిరిస్తూ, బీడీలు చుడుతూ వాడకట్టు ఆడవాళ్లు పాడుకునే పాటల మీద, చెప్పుకునే మాటల మీద రాస్తానంది. నాట్ల పాటలు, తిరగలి పాటలు పుస్తకాల్లోకి వచ్చాయి గాని ఈ పని పాటలు వచ్చాయా, ఈ పనిలో పాట తగ్గి మాట పెరగడానికి కారణమేమిటి అన్నది ఆమె ప్రశ్న. ఎంత మంచి ప్రశ్నో చూడండి! నాట్లు వేసేటప్పుడు పదిమంది చేతులు ఒక్క లయలో కదులుతాయి, పాట ఆ లయకి అవసరం. బీడీ చుట్టేటప్పుడు ఎవరి వేళ్లు వాళ్లవి, ఎవరి లెక్క వాళ్లది. శ్రమ రూపానికీ సాహిత్య రూపానికీ సంబంధం గురించి మనం ఎన్నో వుపన్యాసాలిచ్చాం. ఈ పిల్ల ఆ సంబంధాన్ని తన ఇంటి అరుగు మీద కూచుని చూసింది.

విషయాన్ని ఆమోదించే సమావేశంలో ఒక పెద్దాయన అడిగారు: "ఏమ్మా, దీనికి ఆకరాలేవి?"

"మా అమ్మ సార్. మా అమ్మ, మా వాడకట్టు ఆడోళ్లు" అంది.

గదిలో నవ్వారు. దుర్మార్గులై నవ్వలేదు, ఆ కాగితంలో అమ్మకి గడి లేదు గనక నవ్వొచ్చింది. ప్రామాణిక గ్రంథాలు లేని విషయం తీసుకుంటే ఇబ్బంది పడతావని మంచిమాటగానే చెప్పి, ఒక కవి పేరు ఇచ్చి, సమగ్ర పరిశీలన చెయ్యమన్నారు. చేసింది, పట్టా వచ్చింది. ఆ వ్యాసం నేను చదివాను, తప్పులు లేవు. అంతకన్నా చెప్పడానికి అందులో ఏమీ లేదు.

ఆకరాలు లేవు కనక ప్రశ్న చెల్లదు అనే వాదన మన దగ్గర ఎంత బలహీనమైనదో తెలియాలంటే సురవరం ప్రతాపరెడ్డిని గుర్తుచేసుకోవాలి. ఆయనకి పరిశోధన పట్టా లేదు, న్యాయవాది, పత్రికా సంపాదకుడు. నిజాం రాష్ట్రంలో తెలుగు కవులు లేరన్న మాట ఒకటి పైకి వచ్చినప్పుడు ఆయన కోపం తెచ్చుకుని సంపాదకీయం రాసి వూరుకోలేదు. గోలకొండ పత్రిక సంపాదకుడిగా వూరూరి కవుల వివరాలు, పద్యాలు కూడగట్టి 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచిక తెచ్చాడు. ఆ పనికి ముందు ఆకర గ్రంథం లేదు, ఆ సంచికే తర్వాతివాళ్లకి ఆకరమైంది. ప్రశ్న ముందు, ఆకరం వెనక. మన నిబంధనల కాగితం ఈ వరసని తలకిందులు చేసింది.

1949లో వచ్చిన ఆయన 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' ఇంకా పెద్ద పాఠం. రాజుల చరిత్ర కాదు, జనం ఏం తిన్నారు, ఏం కట్టారు, ఏం ఆడారు, దేన్ని నమ్మారు అన్నది అడిగాడు. దానికి తగిన ఆధారాలు ఎక్కడున్నాయి? పాల్కురికి సోమనాథుడి కావ్యాల్లో, క్రీడాభిరామంలో, హంసవింశతి వర్ణించిన వృత్తుల్లో ఆటల్లో, శతకాల్లో, సామెతల్లో. అలంకారశాస్త్రం చెప్పేవాళ్లు వర్ణన అని దాటేసిన పద్యాన్ని ఆయన సాక్ష్యంగా నిలబెట్టి ప్రశ్నించాడు. అందులో నాకు అన్నిటికన్నా నచ్చేది ఒక చిన్న అలవాటు. ఒక మాటకి అర్థం తెలియకపోతే తెలియలేదని రాస్తాడు, నిఘంటువుల్లో లేదని రాస్తాడు. తెలిసినట్టు నటించి దాటెయ్యడు. పరిశోధన నైతికత అని 30 గంటల కోర్సు పెట్టినవాళ్లు ఆ పుస్తకంలో నాలుగు పేజీలు చదివించినా సగం పని అయ్యేది. ఆ పుస్తకానికి పరిమితులు లేవని కాదు. వస్తువుల జాబితా వచ్చినంత సమృద్ధిగా ఆ వస్తువుల్ని తయారుచేసిన చేతుల వివరణ రాదు. కానీ ఆ లోటు ఎక్కడుందో కనిపించడానికి కూడా ముందు ఆయన ఆ ప్రశ్న వెయ్యవలసి వచ్చింది. 1955లో సాహిత్య అకాడమీ బహుమతి వచ్చేనాటికి ఆయన లేడు.

ఇంక చౌర్యం విషయంలో ఎవరూ మాట్లాడని వైపు చూద్దాం. జానపద సాహిత్యం మీద వచ్చిన వ్యాసాల్లో వందల పాటలు అనుబంధంలో అచ్చవుతాయి. వాటికింద 'సేకరణ' అని పరిశోధకుడి పేరు వుంటుంది. పాడిన మనిషి? 'ఒక వృద్ధురాలు', 'ఒక గొల్ల స్త్రీ'. కొన్నిచోట్ల అదీ లేదు. ముసలామె నలభై ఏళ్లు గొంతులో మోసిన కథని మధ్యాహ్నంపూట టేపులోకో ఫోనులోకో ఎక్కించుకుని వచ్చి, దానిమీద పట్టా తీసుకుని, వుద్యోగం సంపాదించి, ఆమె పేరు కూడా రాయకపోతే పోలిక పట్టే యంత్రం లెక్కలో అది ఎంత శాతం? సున్నా. ఆమె మాట ఎక్కడా అచ్చయి లేదు గనక. అచ్చయిన పేరున్నవాడి వాక్యానికి 2018 నియమావళి కాపలా కాస్తోంది. అచ్చుకి ఎక్కనివాళ్ల ఆస్తికి కాపలా లేదు. చౌర్యాన్ని శ్రమదోపిడీగా చూసే మనకి ఇదే మొదటి నిబంధన కావాలి. పాడిన మనిషి పేరు, వూరు, పని రాయాలి. ఆమె అర్థం చెప్పి వుంటే ఆ వ్యాఖ్యానం ఆమెదేనని రాయాలి. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడుగా వున్న గిడుగు రామమూర్తి సవరల భాష సవరల దగ్గరే నేర్చుకుని, 1931లో వ్యాకరణ బోధినిని, 1938లో నిఘంటువుని తెచ్చాడు. చెప్పేవాణ్ణి గురువుగా ఒప్పుకోవడం మన పరిశోధనకి కొత్తేమీ కాదు, మధ్యలో ఎక్కడో జారిపోయింది.

కాగితంలో ఇంకో లోపం, అది ఒకవైపే మాట్లాడుతుంది. విద్యార్థి నుంచి ఏం ఆశిస్తున్నామో పాతిక అంశాలు. విద్యార్థి ఏం ఆశించవచ్చో ఒక్కటీ వుండదు. రాసి ఇచ్చిన అధ్యాయం ఎన్నాళ్లలో చదివి తిరిగి ఇస్తారు? వైవా రోజు భోజనాల ఖర్చు ఎవరిది? పర్యవేక్షకుడి ఇంటిపనికి 'లేదు సార్' అంటే ఏమవుతుంది? విద్యార్థి రాసిన పత్రంలో గురువుగారి పేరు ముందు రావడం ఏ రకం చౌర్యం? 2022 నియమావళి ప్రకారం ప్రొఫెసర్ ఎనిమిదిమందికి, అసోసియేట్ ఆరుగురికి, అసిస్టెంట్ నలుగురికి మించి పర్యవేక్షించకూడదు. ఎంతమందిని తీసుకోవాలో లెక్క వుంది, తీసుకున్నవాళ్ల రాత ఎన్నిసార్లు చదవాలో లెక్క లేదు. ఖాళీలు నిండక కాంట్రాక్టు అధ్యాపకులే తరగతులు మోస్తున్న శాఖల్లో ఈ ప్రశ్నలు వెయ్యడం అన్యాయమని కొందరంటారు. అన్యాయం ఎవరు చేస్తున్నదీ వేరే సంగతి. విద్యార్థి ఆ లోటుకి బలవుతున్నమాట మాత్రం నిజం.

రెండేళ్లుగా నా తరగతికి ఇచ్చే కాగితం మార్చి చూస్తున్నాను. మొదటి నెలలో పుస్తకాల జాబితా అడగను. రెండు పేజీలు అడుగుతాను. నీ ప్రశ్న నీకు ఎక్కడ తగిలింది, దాని జవాబు ఎవరికి పనికొస్తుంది, ఎవరికి నచ్చదు. వారానికో పేజీ సొంత తెలుగులో రాయాలి. తప్పు రాస్తే మార్కు పోదు, ఎత్తి రాస్తే ఎందుకెత్తి రాశావో మాట్లాడుకుంటాం. పదిహేను రోజుల్లో చదివి తిరిగిస్తానని కింద నేనూ సంతకం పెడతాను. రెండుసార్లు మాట తప్పాను, తరగతిలో ఒప్పుకోవలసి వచ్చింది.

ఫలితం గొప్పగా వుందని చెప్పను. మొదటి ఏడాది సగంమంది నా రుచి కనిపెట్టేశారు. నేను ఏ సంఘంలో వున్నానో వాళ్లకి తెలుసు. 'దోపిడీ', 'పీడన', 'చైతన్యం' అనే మాటలు దట్టించి, లోపల ఏమీ లేకుండా రెండు పేజీలు నింపి ఇచ్చారు. గైడు స్థానంలో నేను వచ్చి కూచున్నానన్నమాట. వాటిని తిప్పి పంపి, మీ వీధిలో ఒక్క మనిషి పేరు చెప్పి మొదలుపెట్టమన్నాను. అప్పుడు కొన్ని ప్రశ్నలు పైకి వచ్చాయి. మా వూరి ఒగ్గుకథ ఇంట్లో ఆడపిల్లలకి ఎందుకు నేర్పరు అని ఒకరు. మా తాత ఉర్దూలో పద్దు రాసేవాడు, మా నాన్నకి ఆ లిపి రాదు, ఆ పద్దులో ఏముందో ఎవరు చదువుతారు అని ఇంకొకరు. ప్రమాణాలు పడిపోతాయని భయపడే మిత్రులు ఈ ప్రశ్నలకి జవాబు రాయడం ఎంత కష్టమో ఒక్కసారి ప్రయత్నించి చూడాలి. పాదసూచికలు, గ్రంథసూచి, పత్రాల భద్రత అన్నీ ఇక్కడ ఎక్కువే కావాలి, తక్కువ కాదు.

బీడీ పాటలు అడిగిన అమ్మాయి ఇప్పుడు ఒక కళాశాలలో పాఠం చెబుతోంది. ఆనాటి నోటుపుస్తకం ఇంకా దాచిపెట్టుకుంది. ఈమధ్య తెచ్చి చూపించింది. ప్రతి పాట కిందా పాడినామె పేరు, వాడకట్టు, ఆ రోజు ఎన్ని బీడీలు చేసిందో రాసి వుంది.

నాకు తేలని విషయాలు రెండు వున్నాయి. పేరు రాయవద్దనే మనిషి పాటని ఎలా రాయాలి అన్నది ఒకటి. యజమాని చూస్తాడనో, ఇంట్లోవాళ్లు తిడతారనో పేరు చెప్పనివాళ్లు వుంటారు. అక్కడ గౌరవం పేరు రాయడంలో వుందా, దాచడంలో వుందా? రెండోది, ఇలాంటి వ్యాసాన్ని దిద్దే బయటి పరీక్షకుడికి ఏ కొలత చేతికివ్వాలి? పరిశోధన చెబుతున్న మిత్రులు, ముఖ్యంగా పరిశోధన చేస్తున్న విద్యార్థులు, తమ తరగతిలో ఇస్తున్న కాగితాల్ని ఈ పత్రికకి పంపి వాటిమీద రాస్తే చర్చ ముందుకు సాగుతుంది.